రైజ్ అబవ్ మూవ్‌మెంట్ కేసులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో జాత్యహంకార గుంపుల వార్త వచ్చిన ప్రతిసారీ మన వాళ్ళు అవే సందేహాలు అడుగుతుంటారు. వీళ్ళని ఎందుకు నిషేధించరు? కేసు అన్నేళ్ళు ఎందుకు సాగింది? మా అబ్బాయి అక్కడే చదువుతున్నాడు, టెన్షన్ పడాలా? వీటికి ఊహలతో కాకుండా ఒక అసలు కేసు పెట్టుకుని జవాబు చెప్పాలని ఈ పేజీ రాశాను. కాలిఫోర్నియాలో పుట్టిన రైజ్ అబవ్ మూవ్‌మెంట్ అనే తెల్లజాతి అహంకార గుంపు మీద 2018 నుంచి 2024 దాకా ఫెడరల్ కోర్టుల్లో కేసులు నడిచాయి. అమెరికా చట్టం ఎంతవరకు వెళ్ళగలదో, ఎక్కడ ఆగిపోతుందో వీటిలో బాగా కనిపిస్తుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## సంస్థ, దాని పనులు

రైజ్ అబవ్ మూవ్‌మెంట్ అంటే ఎవరు? ముసుగులు వేసుకునే కు క్లక్స్ క్లాన్ లాంటిదేనా?

నమ్మకాలు దాదాపు అవే. తెల్లజాతే గొప్పదని, యూదులు, ముస్లింలు, వలస వచ్చినవాళ్ళు తమ దేశాన్ని పాడుచేస్తున్నారని చెప్పుకునే గుంపు ఇది. వేషమే వేరు. 2017 మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైంది. నాయకుడు రాబర్ట్ రండో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగాడు. ముఠా గొడవలో ఒకణ్ణి కత్తితో పొడిచిన కేసులో అప్పటికే జైలుకు వెళ్ళొచ్చాడు. పార్కుల్లో బాక్సింగ్, మార్షల్ ఆర్ట్స్ సాధన చెయ్యడం, వాటిని సినిమా ట్రైలర్లలాగా వీడియోలు తీసి సోషల్ మీడియాలో పెట్టడం వీళ్ళ పద్ధతి. సభ్యులు కొన్ని పదుల మందే. కానీ కండలు, క్రమశిక్షణ, స్నేహం చూపించి కుర్రాళ్ళను లాగడం వీళ్ళకు బాగా తెలుసు. నా దృష్టిలో తెల్ల ముసుగు కన్నా ఇదే ప్రమాదం. ముసుగును చూస్తే ఎవరైనా దూరం జరుగుతారు. జిమ్ వీడియో చూసి ఎవరూ భయపడరు.

వాళ్ళు నిజంగా కొట్టారా, లేక మాటలేనా?

కొట్టారు. 2017 మార్చి 25న హంటింగ్టన్ బీచ్‌లో ట్రంప్ మద్దతుదారుల ర్యాలీ దగ్గర నిరసనకారులను, విలేకరులను వెంటాడి కొట్టారు. ఏప్రిల్ 15న బర్కిలీలో ఇంకా పెద్ద ఎత్తున దాడి చేశారు. ముఖాలకు ముసుగులు, చేతులకు టేపులు చుట్టుకుని ముందే సిద్ధమై వచ్చారు. జూన్‌లో శాన్ బెర్నార్డినోలో ముస్లిం వ్యతిరేక ర్యాలీకి వెళ్ళారు. ఆగస్టులో నలుగురు దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి విమానంలో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌కు వెళ్ళి అక్కడ తెల్లజాతివాదుల ర్యాలీ సందర్భంగా జరిగిన గొడవల్లో పాల్గొన్నారు. తర్వాత ఆ దెబ్బల గురించి ఆన్‌లైన్‌లో గొప్పలు చెప్పుకున్నారు. ప్రాసిక్యూటర్లకు ఆ వీడియోలు, ఆ మెసేజీలే గట్టి సాక్ష్యమయ్యాయి.

షార్లట్స్‌విల్‌లో కారు ఎక్కించి ఒక మహిళను చంపింది వీళ్ళేనా?

కాదు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తున్నారు. 2017 ఆగస్టు 12న నిరసనకారుల మీదికి కారు తోలి హెదర్ హేయర్ అనే 32 ఏళ్ళ మహిళ ప్రాణం తీసినవాడు జేమ్స్ అలెక్స్ ఫీల్డ్స్. అతను ఆ రోజు వ్యాన్‌గార్డ్ అమెరికా అనే మరో గుంపుతో నిలబడ్డాడు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది. రైజ్ అబవ్ సభ్యుల మీద ఉన్న ఆరోపణ వేరే. అదే రోజు ఉదయం వీధుల్లో నిరసనకారులను తోసి, గుద్ది, తన్ని, గొంతులు పట్టుకున్నారన్నది ఆ ఆరోపణ.

చదువూ ఉద్యోగమూ లేని కుర్రాళ్ళే ఇలాంటివాటిలో చేరతారా?

అలా అనుకుంటే పొరపాటే. షార్లట్స్‌విల్ వెళ్ళిన నలుగురిలో ఒకడు లాస్ ఏంజెలెస్‌లోని పేరున్న యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో డాక్టరేట్ చేస్తూ, ఒక పెద్ద రక్షణ రంగ కంపెనీలో పని చేసేవాడు. ప్రభుత్వ రహస్య పనులకు ఇచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ కూడా అతనికి ఉంది. ప్రోపబ్లికా, ఫ్రంట్‌లైన్ విలేకరులు 2018లో ఆ సంగతి బయటపెట్టాకే ఉద్యోగం పోయింది. డిగ్రీ చూసి మనిషి మనసును అంచనా వెయ్యలేం.

## అరెస్టులు, అభియోగాలు

అందరి ముందూ కొట్టి, వీడియోలు పెట్టుకుంటే అరెస్టుకు ఏడాది పైన ఎందుకు పట్టింది?

మొదట కదిలింది విలేకరులు. ఒక్కో వీడియోలోని ముఖాలను పోల్చి, పేర్లు కనిపెట్టి, 2017 అక్టోబరులోనే ప్రోపబ్లికా వివరంగా రాసింది. మామూలు కొట్లాట కేసులైతే ఏ ఊరి పోలీసులు ఆ ఊళ్ళోనే చూసుకోవాలి. ఊరూరూ తిరిగి కొట్టే గుంపు మీద ఒకే కేసు కట్టాలంటే ఎఫ్‌బీఐ రావాలి. ఇదంతా ముందే కలిసి వేసుకున్న పథకమని చూపించాలి. ప్రయాణ టికెట్లు, కొన్న సామాన్లు, మెసేజీలు, సాధన వీడియోలు అన్నీ జత చెయ్యాలి. 2018 అక్టోబరు మొదట్లో వర్జీనియా కేసులో నలుగురిని కాలిఫోర్నియాలో పట్టుకున్నారు. అదే నెలలో రండో సహా మరో నలుగురి మీద కాలిఫోర్నియాలో కేసు పడింది. ఆ ఏడాది వసంతంలో రండో, మరో ఇద్దరు సభ్యులు యూరప్ వెళ్ళి అక్కడి నియో నాజీలను కలిసి వచ్చారు కూడా. ఆలస్యం వల్ల ఎంత నష్టం జరుగుతుందో చూపించడానికి ఇదొక్కటి చాలు.

హత్యాయత్నం కాదు, హేట్ క్రైమ్ కాదు. మరి ఏ చట్టం కింద కేసు పెట్టారు?

1968 నాటి అల్లర్ల నిరోధక చట్టం కింద. అల్లరి రేపాలని, లేదా అందులో పాల్గొనాలని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్ళి, లేదా ఫోను, ఇంటర్నెట్ లాంటి అంతర్రాష్ట్ర సాధనాలు వాడి, ఆపైన ఆ ఉద్దేశంతో ఏదో ఒక పని కూడా చేస్తే ఫెడరల్ నేరం అవుతుంది. గరిష్ఠ శిక్ష 5 ఏళ్ళు. ప్రాసిక్యూటర్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. హేట్ క్రైమ్ రుజువు కావాలంటే ఆ మనిషిని అతని జాతి వల్లో మతం వల్లో కొట్టారని తేలాలి. వీళ్ళ చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళలో తెల్లవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు నిరసనకు వచ్చారు కాబట్టి కొట్టారు. అల్లర్ల చట్టానికి బాధితుడి జాతితో పని లేదు, కొట్టాలని కూడబలుక్కుని బయల్దేరారా లేదా అన్నదే చూస్తుంది.

ఆ చట్టం అసలు నల్లజాతి ఉద్యమకారులను ఆపడానికే తెచ్చారట, నిజమేనా?

నిజమే. ఈ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఇదే. 1967లో అమెరికా నగరాల్లో పెద్ద అల్లర్లు జరిగాయి. పేదరికం, పోలీసు జులుం, నల్లవాళ్ళకు ఇళ్ళు అద్దెకివ్వకపోవడం వాటికి కారణాలు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో దక్షిణాది సభ్యులు మాత్రం బయటి నుంచి వచ్చి రెచ్చగొట్టేవాళ్ళే కారణమన్నారు. నల్లజాతి నాయకుడు హెచ్. ర్యాప్ బ్రౌన్‌ను దృష్టిలో పెట్టుకుని తెచ్చారు కాబట్టి అప్పట్లో దీన్ని ఆయన పేరుతోనే పిలిచేవారు. ఇళ్ళ అద్దెల్లో, అమ్మకాల్లో వివక్షను నిషేధించిన 1968 పౌరహక్కుల చట్టంలోనే దీన్ని కూడా చేర్చారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికే, ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దాని మీద సంతకం చేశారు.

ఈ చట్టంతో నడిచిన మొదటి పెద్ద కేసు వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్ళ మీద. 1968లో షికాగోలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ సమయంలో జరిగిన గొడవలకు 8 మంది మీద అభియోగాలు మోపారు. 1970లో 5 మందిని దోషులన్నారు, 1972లో అప్పీలు కోర్టు ఆ తీర్పులను రద్దు చేసింది. తర్వాత దశాబ్దాల పాటు ఈ చట్టాన్ని పెద్దగా ఎవరూ వాడలేదు. అందుకే దాన్ని నాజీ అభిమానుల మీద వాడినప్పుడు పౌరహక్కుల వాదుల్లోనూ కొందరు ఇబ్బంది పడ్డారు. ఇవాళ వీళ్ళ మీద గెలిచిన చట్టం రేపు ఎవరి మీదికి తిరుగుతుందోనన్నది వాళ్ళ భయం. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యడం నాకు సాధ్యం కాలేదు.

ఇన్ని తలనొప్పులు ఎందుకు, సంస్థనే నిషేధిస్తే సరిపోయేది కదా?

మన దేశంలో ఉపా చట్టం కింద కేంద్రం ఒక సంస్థను నిషేధిస్తే అందులో సభ్యత్వం కూడా నేరమే. అమెరికాలో దేశీయ సంస్థలకు అలాంటి నిషేధ జాబితా చట్టం లేదు. దేశీయ ఉగ్రవాదం అంటే ఏమిటో 2001 నుంచి చట్టంలో నిర్వచనం ఉంది గానీ, దాని కింద ఒక గుంపును నిషేధించే వీలు లేదు. విదేశీ సంస్థలనైతే ఉగ్రవాద జాబితాలో పెట్టవచ్చు. రష్యన్ ఇంపీరియల్ మూవ్‌మెంట్‌ను 2020లో అలాగే పెట్టారు. తెల్లజాతి ఆధిపత్యవాద సంస్థ ఒకటి ఆ జాబితాకెక్కడం అదే మొదటిసారి. బ్రిటన్ 2016లో నేషనల్ యాక్షన్ అనే నియో నాజీ గుంపును నిషేధించింది. కెనడా కూడా ఇలాంటి కొన్ని గుంపులను ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. అమెరికాలో మాత్రం ఎవరు ఏ పని చేశారో చూపించి, ఒక్కో మనిషి మీద విడిగా కేసు కట్టాల్సిందే.

వాక్‌స్వాతంత్ర్యం పేరుతో ఎంత ద్వేషం కక్కినా ఊరుకుంటారా?

మాటల వరకే అయితే చాలావరకు ఊరుకుంటారు. 1969లో ఒహాయోకు చెందిన క్లాన్ నాయకుడు బ్రాండెన్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. వెంటనే చట్టవిరుద్ధమైన పని జరిగేలా ఉసిగొల్పాలి, అది జరిగే అవకాశమూ నిజంగా ఉండాలి. అప్పుడే ఆ మాటలు శిక్షార్హం. మన దగ్గర వర్గాల మధ్య వైరం పెంచే మాటలే నేరం. పాత శిక్షాస్మృతిలో 153ఎ, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్. అందుకే మన కళ్ళతో చూస్తే అమెరికా పద్ధతి మరీ ఉదాసీనంగా అనిపిస్తుంది. మరోవైపు, ఇలాంటి సెక్షన్లను పాలకులు తమకు గిట్టనివాళ్ళ మీద వాడుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

## కోర్టుల్లో ఏం జరిగింది

వర్జీనియా కేసులో శిక్షలు పడ్డాయా?

పడ్డాయి. నలుగురూ నేరం ఒప్పుకున్నారు. వాళ్ళలో ముగ్గురికి 2019 జులైలో 37, 33, 27 నెలల జైలు పడింది. అందులో ఇద్దరు తర్వాత చట్టమే రాజ్యాంగ విరుద్ధమంటూ అప్పీలు చేశారు గానీ శిక్షలు నిలిచాయి.

అప్పీలు కోర్టులు చట్టంలో కొంత భాగం తీసేశాయంటారు. ఏ భాగం?

అల్లరిని 'ప్రోత్సహించడం', దానికి ప్రచారం చెయ్యడం కూడా నేరమేనన్న మాటలు అందులో ఉన్నాయి. ఆవేశంగా ఒక ఉపన్యాసం ఇచ్చినా, దాని వల్ల వెంటనే ఏమీ జరగకపోయినా ఆ మాటల కింద ఇరికించవచ్చు. అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2020లో వర్జీనియా కేసులు వినే నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు, 2021లో కాలిఫోర్నియా కేసులు వినే తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పాయి. ఆ మాటలను పక్కన పెట్టి, మిగతా చట్టం చెల్లుతుందన్నాయి. వర్జీనియా ముద్దాయిలు తామే స్వయంగా కొట్టామని ఒప్పుకున్నారు కాబట్టి వాళ్ళకు దీనివల్ల ఊరట దొరకలేదు. కానీ రేపు ఏ రైతు ఊరేగింపులోనో, కార్మికుల సమ్మెలోనో మైకు పట్టుకునేవాళ్ళకు ఈ తీర్పులు రక్ష. జాత్యహంకారుల అప్పీళ్ళ వల్ల దొరికిన రక్షణే అయినా అది మంచిదేనని నా అభిప్రాయం.

ఒకే జడ్జి రండో కేసును రెండుసార్లు కొట్టేశారట. ఎందుకు?

కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి కార్మాక్ కార్నీ 2019 జూన్‌లో మొదటిసారి కొట్టేశారు. అల్లర్ల చట్టం నిరసన హక్కును, మాట హక్కును మరీ ఎక్కువగా అడ్డుకుంటోందని, చట్టం మొత్తం చెల్లదని ఆయన తీర్పు. రండో విడుదలయ్యాడు. 2021 మార్చిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసి, కేసు నడపవచ్చంది.

2024 ఫిబ్రవరిలో కార్నీ రెండోసారి కొట్టేశారు. ఈసారి కారణం వేరు. బర్కిలీ లాంటి చోట్ల యాంటిఫా పేరుతో వచ్చిన అతివాద వామపక్షీయులూ కొట్లాడారని, వాళ్ళను వదిలేసి వీళ్ళ మీద మాత్రమే కేసు పెట్టడం భావజాలాన్ని బట్టి మనుషులను ఏరుకోవడమేనని అన్నారు. ముద్దాయిల అభిప్రాయాలు నీచమైనవేనని ఒప్పుకుంటూనే ఈ మాట చెప్పారు.

ఈ వాదన విన్నవాళ్ళకు సబబుగానే అనిపిస్తుంది, అందుకే కాస్త నిలబడి చూడాలి. ఏరి కేసు పెట్టారని గెలవాలంటే అమెరికా చట్టం ప్రకారం రెండు చూపించాలి. సరిగ్గా అలాంటి పరిస్థితిలోనే ఉన్న ఇతరులను వదిలేశారని ఒకటి, దాని వెనుక వివక్ష ఉద్దేశం ఉందని రెండోది. 2024 జులైలో అప్పీలు కోర్టు ఈ రెండూ రుజువు కాలేదంది. ఒక ఊళ్ళో ఒక రోజు ఎవరో విడిగా చేసిన దాడినీ, నెలల తరబడి సాధన చేసి, ఊళ్ళు మారి, కలిసికట్టుగా దాడులు చేసిన గుంపునూ ఒకే తక్కెడలో తూచడం తప్పని తేల్చింది. కేసు మళ్ళీ బతికింది. రెండోసారి కొట్టేసినప్పుడు బయటికొచ్చిన రండోను కొద్ది రోజుల్లోనే మళ్ళీ అరెస్టు చేశారు.

అమెరికా కేసులో ఉన్నవాడు రొమేనియాలో ఎలా దొరికాడు?

2019లో కేసు కొట్టేశాక రండో దేశం దాటి సెర్బియా, బల్గేరియా లాంటి చోట్ల తిరిగాడు. అక్కడి నుంచే వీడియోలు, బట్టల వ్యాపారం, ప్రచారం నడిపించాడు. అప్పీలు కోర్టు కేసును తిరిగి తెరిచాక కొత్త అభియోగపత్రం దాఖలైంది. 2023 మార్చిలో బుకారెస్ట్‌లో అరెస్టయ్యాడు, ఆగస్టులో రొమేనియా అతన్ని అమెరికాకు అప్పగించింది.

ఇంత జరిగాక చివరికి పడిన శిక్ష ఎంత?

2024 సెప్టెంబరులో రండో కుట్ర అభియోగాన్ని ఒప్పుకున్నాడు. డిసెంబరులో కోర్టు అప్పటికే జైల్లో గడిపిన సుమారు 2 ఏళ్ళనే శిక్షగా లెక్కేసి వదిలిపెట్టింది. ఇంతేనా అని చాలామంది కోపంగా అడుగుతారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. దెబ్బలు తిన్నవాళ్ళు ఏడేళ్ళు ఎదురుచూశారు. చట్టంలో పై శిక్షే 5 ఏళ్ళు అన్నది గుర్తుంచుకోవాలి. ఏడేళ్ళ తర్వాతైనా అతని నోటితోనే నేరం ఒప్పుకోలు రికార్డుకెక్కింది. 'మేము ఆత్మరక్షణ చేసుకున్నాం' అన్న వాళ్ళ ప్రచారానికి కోర్టు కాగితమే అడ్డం నిలుస్తుంది.

## ఆ తర్వాత

ఆ సంస్థ ఇప్పుడు లేనట్టేనా?

ఆ పేరుతో నడవడం లేదు. కానీ రండో విదేశాల్లో ఉండగానే రష్యన్ నియో నాజీ డెనిస్ నికితిన్‌తో కలిసి కొత్త నమూనా ప్రచారం చేశాడు. వాటిని యాక్టివ్ క్లబ్‌లు అంటారు. ఒక కేంద్రం, సభ్యుల జాబితా, పెద్ద నాయకుడు ఏమీ ఉండవు. ఊరికొక చిన్న వ్యాయామ బృందం, అంతే. ఒకటి మూసేసినా మిగతావి నడుస్తాయి. బయటికి ఆరోగ్యం, సోదరభావం అని చెబుతారు, లోపల పాత విషమే. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో, యూరప్‌లో ఇవి పుట్టాయి. కుట్ర కేసు కట్టాలంటే నాయకుడు, పథకం, మెసేజీలు కావాలి. ఈ నమూనాలో అవి దొరకడం కష్టం.

బాధితులు నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, కొన్నిసార్లు క్రిమినల్ కేసుకన్నా అదే గట్టి దెబ్బ. షార్లట్స్‌విల్ ర్యాలీ నిర్వాహకుల మీద గాయపడినవాళ్ళు వేసిన సివిల్ కేసులో 2021 నవంబరులో జ్యూరీ 2.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలంది. వర్జీనియా చట్టంలోని పరిమితి వల్ల ఆ మొత్తం బాగా తగ్గింది, 2024లో అప్పీలు కోర్టు కొంత తిరిగి పెంచింది. పేట్రియట్ ఫ్రంట్ అనే ఇంకో గుంపు 2022లో బోస్టన్‌లో ఒక నల్లజాతి సంగీతకారుడి మీద దాడి చేసిన కేసులో 2025 జనవరిలో ఫెడరల్ జడ్జి 27.5 లక్షల డాలర్ల పరిహారం విధించారు. వసూలు మాత్రం వేరే పోరాటం.

## మన వాళ్ళ సందేహాలు

తెలుగువాళ్ళు ఇలాంటి గుంపుల గురించి భయపడాలా?

రైజ్ అబవ్ కేసులు ర్యాలీల దగ్గర నిరసనకారుల మీద జరిగిన దాడుల గురించినవి. మన వాళ్ళకు బాగా గుర్తున్న ఘోరం వేరే. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో ఒక బార్‌లో 'నా దేశం వదిలి పొండి' అని అరుస్తూ ఒకడు కాల్పులు జరిపాడు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజినీరు చనిపోయారు, ఆయన తెలుగు స్నేహితుడు, అడ్డుపడిన ఒక అమెరికన్ గాయపడ్డారు. కాల్చినవాడు ఒంటరిగా వచ్చాడు. అతనికి రాష్ట్ర కోర్టులోనూ, హేట్ క్రైమ్ కింద ఫెడరల్ కోర్టులోనూ యావజ్జీవ శిక్షలు పడ్డాయి. గుంపులో సభ్యుడు కాకపోయినా ఆ విషం ఎక్కినవాడు ఏం చేయగలడో మన ఇళ్ళకే తెలుసు. అలాగని పిల్లలను ఇంట్లోంచి కదలనివ్వకపోవడం జవాబు కాదు. ర్యాలీలు, గొడవలు జరిగే చోటికి చూడ్డానికని వెళ్ళొద్దని, ఎవరైనా రెచ్చగొడితే వాదనకు దిగకుండా అక్కడి నుంచి వచ్చెయ్యమని చెప్పండి.

ఇంటి ముందు ఇలాంటి వాళ్ళ కరపత్రం పడితే ఏం చెయ్యాలి?

కరపత్రం వెయ్యడం చాలా సందర్భాల్లో నేరం కాదు, కాబట్టి పోలీసులు వెంటనే అరెస్టు చెయ్యకపోతే నిరాశపడొద్దు. అయినా చెప్పండి. ఫోటో తీసి, తేదీ, సమయం రాసుకుని, పోలీసుల అత్యవసరం కాని నంబరుకు తెలియజేయండి. ఇంటి కెమెరా రికార్డింగు ఉంటే చెరిపెయ్యొద్దు. ఆ కరపత్రం ఫోటోను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. వాళ్ళకు కావలసిన ప్రచారం అదే. బెదిరింపు ఉన్నా, మీ కుటుంబం పేరు ఉన్నా, ఎవరైనా ఇంటి ఆవరణలోకి చొరబడినా 911కి ఫోన్ చెయ్యండి.

వీసా మీద ఉన్నాం. దాడి జరిగిందని ఫిర్యాదు చేస్తే మాకే ఇబ్బంది అవుతుందా?

చాలామంది నోరు మూసుకోవడానికి ఈ భయమే కారణం. హేట్ క్రైమ్ చట్టాలు బాధితుడి పౌరసత్వం అడగవు. హెచ్1బీ, విద్యార్థి వీసా, డిపెండెంట్ వీసా, ఏదున్నా ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. తీవ్రమైన దాడి లాంటి కొన్ని నేరాల్లో గాయపడి, దర్యాప్తుకు సహకరించినవాళ్ళ కోసం యూ వీసా అని ఒకటి ఉంది. దానికి పోలీసులో ప్రాసిక్యూటరో ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. ఏడాదికి ప్రధాన దరఖాస్తుదారులకు 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి నిరీక్షణ ఏళ్ళ తరబడి ఉంటుంది. ఫిర్యాదు ఇచ్చినప్పుడే రిపోర్టు నంబరు అడిగి తీసుకోండి, ఆసుపత్రి కాగితాలు దాచుకోండి, ఇమిగ్రేషన్ లాయరుతో విడిగా మాట్లాడండి. మాట్లాడటానికి భాష అడ్డమైతే తెలుగు దుభాషి కావాలని అడగండి.